వాచిన కాలికి మర్దన మెడ దగ్గర మొదలుపెట్టాలి

కాళ్లు వాచాయనగానే మన ఇళ్లల్లో నువ్వులనూనె వెచ్చజేసి పాదం నుంచి మోకాటి దాకా కండ పట్టి పిసుకుతారు. ఒళ్లునొప్పులకి అది హాయిగానే ఉంటుంది. నీరు చేరిన వాపుకి మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. గట్టిగా పిసికితే ఆ చోటికి రక్తం ఎక్కువగా వచ్చి ఇంకాస్త నీరు ఊరుతుంది, ఆ నీటిని లాక్కుపోవాల్సిన సన్నటి నాళాలేమో ఒత్తిడికి అణిగి మూసుకుపోతాయి. నీటివాపుకి వేరే మర్దన ఉంది. నూనె వాడరు, బలం వాడరు. మొదలుపెట్టేది కాలి దగ్గర కాదు, మెడ దగ్గర.

అదెందుకో తెలిస్తే చెయ్యి దానంతటదే తేలికపడుతుంది. రక్తనాళాల నుంచి కండల్లోకి, చర్మం కిందికి రోజంతా కొంత నీరు ఊరుతూనే ఉంటుంది. దాన్ని పోగుచేసి తిరిగి రక్తంలో కలిపేవి లింఫ్ నాళాలు. బడిపుస్తకాల్లో శోషరసం అని చదువుకున్నది ఈ నీరే. వీటిలో అతి సన్నవి చర్మానికి ఆనుకునే ఉంటాయి. చర్మం మెల్లగా సాగి వదులైనప్పుడు వాటి మూతులు తెరుచుకుని నీరు లోపలికి పోతుంది. రక్తానికి గుండె ఉన్నట్టు దీనికి విడిగా పంపు లేదు. నాళాలు వాటంతటవే ముడుచుకుంటూ, నడకలో పిక్క కండ నొక్కుతూ, ఊపిరి తీసినప్పుడు పొట్ట లాగుతూ నీటిని పైకి తెస్తాయి. కాలి నీరు ముందు గజ్జల్లోని బిళ్లలకి, అంటే లింఫ్ గ్రంథులకి చేరుతుంది (కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ల కట్టేది అందుకే). అక్కణ్నుంచి పొట్ట వెనకగా, అడుగున్నర దాకా పొడవుండే పెద్ద నాళంలో పైకెక్కి, ఎడమ కాలర్ ఎముక వెనక రక్తనాళంలో కలుస్తుంది. కుడికాలి నీరు కూడా ఎడమవైపే కలుస్తుంది.

మడిలో నీళ్లు నిలిస్తే కోవూరు రైతు మడిలో చెయ్యి పెట్టడు, ముందు మురుగుకాలవలో పెరిగిన గుర్రపుడెక్క తీయిస్తాడు. ఇక్కడా అంతే. ముందు మెడ దగ్గర, తర్వాత గజ్జల్లో దారి చేసి, అప్పుడు కాలి మీదికి రావాలి. 1930ల్లో ఫ్రాన్సులో పనిచేసిన డెన్మార్క్ దంపతులు ఎమిల్ వోడర్, ఎస్ట్రిడ్ వోడర్ ఈ మర్దనకి ఒక క్రమం ఏర్పరిచి 1936లో పారిస్‌లో చూపించారు. ఆ తర్వాత రకరకాల బడులు పుట్టుకొచ్చి పద్ధతుల్లో తేడాలు వచ్చాయి.

ముందు ఏ వాపో తేల్చుకోవాలి

ఈ పని మర్దన కన్నా ముఖ్యం. చీలమండకి పైన, ఎముక మీద బొటనవేలు పెట్టి పది లెక్కపెట్టేదాకా నొక్కి తీయండి. గుంట పడి అట్టే ఉందంటే నీరు చేరినట్టు. తర్వాత కాలి రెండోవేలి మొదట్లో పైచర్మాన్ని రెండువేళ్లతో మడత పట్టి లేపి చూడండి. మడత పట్టుకి రాకుండా మందంగా ఉంటే లింఫ్ దారి చెడిందని అనుమానించాలి. వచ్చిందని మాత్రం ధీమా పడకూడదు, మొదటి దశలో మడత మామూలుగానే వస్తుంది.

రెండు కాళ్లూ సమానంగా వాచి, పడుకుంటే ఆయాసం వస్తుంటే గుండె సంగతి చూపించుకోవాలి. పొద్దున లేవగానే కళ్లకింద ఉబ్బు, మూత్రంలో నురగ ఉంటే కిడ్నీ పరీక్షలు చేయించాలి. ఈ రెండిట్లో మర్దన చేస్తే నీరు గుండె మీదికి మళ్లుతుంది, లేదా కిడ్నీకి పని పెరుగుతుంది. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవాళ్లలో కొందరికి సాయంత్రానికి చీలమండలు వాస్తాయి. అది మందు ప్రభావం, మర్దనతో పోదు. మాత్ర మీ అంతట మీరు ఆపకుండా రాసిన డాక్టరుకి చెప్పండి, వేరేది మారుస్తారు.

ఒక్క కాలే, అదీ ఉన్నట్టుండి, పిక్కలో నొప్పితో వేడిగా వాచిందంటే చెయ్యి వెయ్యొద్దు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆపరేషన్ తర్వాత మంచంలో ఉన్నవాళ్లకి, రాత్రంతా బస్సులో కాళ్లు వేలాడేసి హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లకి ఈ ప్రమాదం ఎక్కువ. మర్దనకి ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. అదే రోజు స్కానింగ్ చేయించండి. దాంతోపాటు ఛాతీనొప్పి, ఆయాసం కూడా ఉంటే 108కి ఫోన్ చేయండి.

చర్మం ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే అది చర్మం లోపల క్రిములు చేరిన జబ్బు. తగ్గేదాకా మర్దన బంద్. క్యాన్సర్‌కి చికిత్స నడుస్తున్నవాళ్లు వాళ్ల డాక్టరు సరేనన్నాకే చేయించుకోవాలి. గర్భిణులకి, పొట్ట ఆపరేషన్ అయినవాళ్లకి పొట్ట మీద చెయ్యి వేయకూడదు. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నవాళ్లకి, అరవై దాటినవాళ్లకి మెడ పక్కల ముట్టుకోకూడదు, అక్కడ మెదడుకి పోయే రక్తనాళం ఉంటుంది.

ఇవన్నీ తీసేస్తే మిగిలేవి: రొమ్ము ఆపరేషన్లో చంకలో బిళ్లలు తీసేశాక వచ్చే చేతివాపు, మోకాలు మార్పిడి, బెణుకుల తర్వాత ఆగిపోయిన వాపు, బోదకాలు మొదటి దశలు, ఇంకా పొద్దస్తమానం నిలబడే పనివాళ్ల కాలిబరువు. ట్రంకురోడ్డు బట్టల షాపుల్లో, రొయ్యల కంపెనీల్లో తడినేల మీద షిఫ్టంతా నిలబడేవాళ్లు, టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగులో కాళ్లు ముడుచుకుని కూర్చునేవాళ్లు ఈ చివరి కోవలోకి వస్తారు. ఆపరేషన్ అయినవాళ్లు ఎన్నాళ్లకి మొదలుపెట్టొచ్చో సర్జన్‌నే అడగాలి. కుట్ల మీద, కుట్లకి బెత్తెడు దూరం లోపు చెయ్యి పెట్టకూడదు.

చెయ్యి బరువు

గోళ్లు కత్తిరించుకోండి, ఉంగరాలు, గాజులు తీసేయండి. నూనె, క్రీము వద్దు. వేళ్లు జారితే చర్మం సాగదు, చర్మం సాగకపోతే ఈ మర్దనే లేదు. మన దగ్గర అసలు ఇబ్బంది చెమట. రోహిణీకార్తెలో ఫ్యాన్ కింద కూడా వేళ్లు జారుతూనే ఉంటాయి. పొడి నూలు తువ్వాలుతో తుడిచి, మరీ అవసరమైతే చిటికెడు పౌడర్ అద్దండి. తెల్లారుజామునో, రాత్రి పడుకునే ముందో చేస్తే ఈ బాధ తక్కువ. అన్నం తిన్న గంట దాకా చేయకూడదు.

ఇప్పుడు చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లు మూడూ కలిపి, కొనలతో కాకుండా మెత్తటి భాగం ఆనేలా, మీ రెండో చేతి ముంజేతి మీద పెట్టండి. వేళ్లు చర్మానికి అంటిపెట్టుకునే ఉండాలి. చర్మాన్ని అర అంగుళం మేర పక్కకి సాగదీయండి. వేళ్లకింద కండ గట్టిదనం తగిలిందా, బరువు ఎక్కువైంది. చర్మం ఒక్కటే కదలాలి. 'ఒకటి, రెండు' అనుకునేలోపు సాగదీసి, 'మూడు'కి పూర్తిగా వదిలేయాలి. వదిలేటప్పుడు వేళ్లు చర్మం మీదే ఉంటాయి, బరువు మాత్రం సున్నా. వదిలినప్పుడే నాళంలోకి నీరు గుంజుకుంటుంది, కాబట్టి సాగదీయడం ఎంత ముఖ్యమో వదలడమూ అంతే. చేయి తీశాక అక్కడ ఎర్రటి మచ్చ కనబడితే ఇంకా తేలిక చేయాలి.

చేయించుకునేవాళ్లతోనే అసలు తంటా. "ఇంకాస్త బలంగా పిసకవే అమ్మాయ్, ఏం తెలవడంలా" అని అత్తగారు విసుక్కుంటుంది. "గట్టిగా రుద్దకూడదంట అత్తా, ఇట్టే చెయ్యాలంట" అని కోడలు నచ్చజెప్పాలి. పావుగంట పోయాక ఆమె కునుకు తీస్తే చెయ్యి సరిగ్గా పడుతున్నట్టే.

కాలికి చేసే వరస

మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, కాలి కింద రెండు దిండ్లు పెట్టండి. ముందు పొట్ట ఊపిరి: పొట్ట మీద చెయ్యి పెట్టి, అది లేచేలా ముక్కుతో నిదానంగా పీల్చి, నోటితో ఇంకా నిదానంగా వదలాలి. ఐదుసార్లు చాలు. ఎక్కువైతే కళ్లు తిరుగుతాయి.

కాలర్ ఎముకలకి పైన రెండువైపులా గుంటలుంటాయి. వేళ్లు అందులో ఆనించి చర్మాన్ని కిందికి, లోపలికి సాగదీసి వదలండి. పదిసార్లు. అరవై దాటినవాళ్లకి, థైరాయిడ్ వాళ్లకి ఇక్కడ ముట్టుకోకుండా భుజాలు వెనక్కి పదిసార్లు తిప్పించినా సరిపోతుంది. మిగిలినవాళ్లకి చెవి కింద మెడ పక్కన కూడా, కాలర్ ఎముక వైపు దించుతూ ఐదారుసార్లు చేయొచ్చు. గొంతు ముందువైపు ఎవరికీ వద్దు.

గజ్జ మడతకి కాస్త కింద, తొడ ముందు లోపలివైపు, అరచెయ్యి పరిచి పెట్టి చర్మాన్ని పొట్ట వైపు సాగదీసి వదలాలి. ఇది పదిహేనుసార్లు. తొందరపడేవాళ్లు ఎగ్గొట్టేది దీన్నే. ఇది సరిగ్గా చేయకపోతే కింద ఎంతసేపు చేసినా నీరు గజ్జ దగ్గరకొచ్చి ఆగిపోతుంది, తొడ మొదట్లో బిగువుగా ఉందంటారు.

తర్వాత తొడ. మనవాళ్లకి తిరకాసు ఇక్కడే: తొడలో ముందు పైభాగం, తర్వాత నడిమి భాగం, ఆ తర్వాత మోకాటి పైన. అంటే మీరు కిందికి దిగుతుంటారు, చర్మం మాత్రం ప్రతిసారీ పైకి, గజ్జవైపే సాగుతుంది. లోపలివైపు ఒక వరస, బయటివైపు ఒక వరస. బయటివైపు చేసేటప్పుడు పైకి, లోపలికి వంపుగా తీసుకెళ్లండి. ఒక్కోచోట ఏడుసార్లు.

మోకాటి వెనక గుంటలో బిళ్లలుంటాయి. మోకాలు కొద్దిగా మడిచి, రెండు చేతుల వేళ్లు రెండు పక్కల నుంచి వెనక్కి పోనిచ్చి, పైకి సాగదీసి వదలాలి. పదిసార్లు. పిక్కకి కూడా ఇదే పద్ధతి: పైన, నడుమ, చీలమండ పైన. పిక్క కండ పిసకాలని చేతులు లాగుతాయి, ఆపుకోండి. చీలమండ బుడిపెల వెనక రెండు గుంటల్లో బొటనవేళ్ల మెత్తటి భాగంతో ఏడుసార్లు. చివర పాదం పైభాగం, వేళ్ల నుంచి చీలమండ వైపు. అరికాలు వదిలేయొచ్చు.

ఇక్కడితో ఆపేస్తే పని సగమే అయినట్టు. తిరుగుదారి ఉంది. పాదం నుంచి గజ్జ దాకా అరచెయ్యి ఆనీ ఆననట్టు నిదానంగా మూడుసార్లు నిమరండి. గజ్జ దగ్గర మళ్లీ ఐదుసార్లు, కాలర్ ఎముకల దగ్గర ఐదుసార్లు, రెండుమూడు పొట్ట ఊపిరులు. ఒక కాలికి ఇరవై నుంచి ఇరవైఐదు నిమిషాలు పడుతుంది. పది నిమిషాల్లో ముగిసిందంటే వదిలే సమయం ఇవ్వలేదన్నమాట.

ఒంటరిగా ఉండేవాళ్లు కుర్చీలో కూర్చుని, కాలు స్టూలు మీద పెట్టుకుని మోకాటి దాకా చేసుకోగలరు. పిక్క, పాదం అందక ఒంగితే గజ్జ మడత నొక్కుకుపోయి దారి మూసుకుంటుంది. అందని భాగం వదిలేసి చీలమండ పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించడం నయం.

రొమ్ము ఆపరేషన్ తర్వాత చేతివాపు

ఇక్కడ వరస మారుతుంది, ఎందుకంటే ఆ వైపు చంకలో బిళ్లలు తీసేసి ఉంటారు. నీటిని అక్కడికే తోస్తే ఎటూ పోలేదు. మొండెం చర్మాన్ని నడిమి నిలువుగీత, నడుం దగ్గర అడ్డగీత నాలుగు భాగాలుగా చేస్తాయనుకోండి. మామూలుగా పై భాగాలు ఆయా చంకల్లోకి, కింది భాగాలు ఆయా గజ్జల్లోకి పారతాయి. ఈ గీతలు దాటించి పక్కభాగంలోకి మళ్లించడమే ఈ మర్దనలో కిటుకు.

కుడిచెయ్యి వాచిందనుకుందాం. కాలర్ గుంటలు అయ్యాక ఎడమ చంకలో అరచెయ్యి పరిచి పదిహేనుసార్లు. తర్వాత ఛాతీ మీద అడ్డంగా, ముందు ఎడమవైపు, తర్వాత నడిమి, ఆఖరున కుడివైపు, ప్రతిచోటా చర్మం ఎడమ చంక వైపే సాగాలి. వీపు మీద కూడా ఇదే దారి ఉంది, దానికి ఇంకో మనిషి కావాలి. తర్వాత కుడి గజ్జ పదిహేనుసార్లు, కుడి డొక్క మీద నడుం నుంచి చంక దాకా ఎక్కుతూ, చర్మాన్ని మాత్రం గజ్జ వైపు దించుతూ. ఈ రెండు దారులూ తెరిచాకే చెయ్యి. పైచేతి లోపలివైపు నీటిని ముందు బయటివైపుకి మళ్లించి, అక్కణ్నుంచి భుజం మీదుగా పైకి పంపాలి. తర్వాత మోచెయ్యి మడత, ముంజెయ్యి, అరచేతి వెనక, వేళ్లు. రేడియేషన్ ఇచ్చిన చోట చర్మం నల్లబడి పలచబడి ఉంటుంది, దాన్ని తప్పించి పక్కనుంచి పోవాలి.

ఈ వరసని చదివి నేర్చుకోవడం కన్నా, లింఫెడీమా (లింఫ్ దారి చెడి వచ్చే వాపు) చూసే ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి చేయించుకుని, రెండోసారి వాళ్ల ముందే మీరు చేసి దిద్దించుకోవడం మంచిది. ఆ చేతికి సూదిపోటు, కత్తిగాటు, దోమకాటు కాకుండా చూసుకోండి. చేపలు కడిగేటప్పుడు రబ్బరు తొడుగు వేసుకోండి, జెల్ల ముళ్లు గుచ్చుకుంటే చిన్న గాటుకే చెయ్యంతా చీము పట్టొచ్చు.

బోదకాలుకి ముందు సబ్బు, తర్వాతే మర్దన

మన కోస్తాలో బోదకాలు పాత జబ్బు. మురుగునీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టి ఫైలేరియా పురుగుని ఎక్కిస్తుంది, అది లింఫ్ నాళాల్లో కాపురం పెట్టి వాటిని పాడుచేస్తుంది. ఆ పురుగుపిల్లలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి గనకే రాత్రి రక్తం తీస్తారు. ఇంటింటికీ ఇచ్చే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు పురుగు పని పడతాయి, జబ్బు ఇంకొకరికి పాకకుండా ఆపుతాయి. ఏళ్లనాటి వాపుని మాత్రం అవి దించలేవు.

ఈ కాలు లావెక్కేది ఎక్కువగా మాటిమాటికీ వచ్చే చలిజ్వరాల వల్ల. వేళ్ల సందుల్లో ఒరుపు, మడమ పగుళ్ల నుంచి క్రిములు దూరతాయి, ఒక్కో జ్వరానికీ చర్మం ఇంకాస్త మందమవుతుంది. నాట్లకి బురదలో దిగేవాళ్లకి ఈ రెండూ తప్పవు. అందుకే రోజూ రెండుపూటలా మామూలు సబ్బు, మంచినీళ్లతో కాలు కడిగి, ప్రతి వేలి సందూ, ప్రతి మడతా గుడ్డ అద్ది ఆరబెట్టాలి. రుద్దొద్దు, అద్దాలి. సందుల్లో తెల్లగా నానినట్టు ఉంటే ఒరుపు మందు రాయాలి. చెప్పు లేకుండా గడప దాటకూడదు. ఇది ఒక నెల సాగాక మర్దన కలిపితే ఫలితం నిలుస్తుంది. కడగడం మానేసి మర్దన మాత్రం చేస్తే ఖర్చు దండగ. జ్వరం వచ్చిన రోజుల్లో తడిగుడ్డ వేసి, కాలు ఎత్తు మీద పెట్టి, డాక్టరుకి చూపించాలి. ఆ నాలుగు రోజులూ మర్దన మాట ఎత్తొద్దు.

మర్దన అయ్యాక

మర్దనతో దిగిన నీరు లేచి నిలబడగానే మళ్లీ దిగొస్తుంది. దాన్ని ఆపేది కట్టు. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే క్రేప్ బ్యాండేజీ బాగా సాగే రకం. పడుకున్నప్పుడు కూడా అది నొక్కుతూనే ఉంటుంది కాబట్టి రాత్రిళ్లు పనికిరాదు. లింఫ్ వాపుకి తక్కువ సాగే కట్టు కావాలి. నిలబడి పనిచేసేవాళ్లకి వేరికోస్ సాక్స్ చాలు. అయితే కొలత పొద్దున్నే మంచం దిగకముందు తీయాలి, సాయంత్రం వాచిన కాలికి కొలిస్తే మర్నాటికి వదులవుతుంది. షుగర్ ఉండి కాళ్లు తిమ్మిరెక్కేవాళ్లు, నడిస్తే పిక్క పట్టేసేవాళ్లు డాక్టరుని అడగకుండా ఏ కట్టూ కట్టొద్దు, రక్తం అందక వేళ్లు నల్లబడే ప్రమాదముంది. కట్టుతోనే పావుగంట నడవండి, పిక్క కండకి కట్టు ఎదురునిలిచి లోపలి నీరు పైకి పోతుంది.

నీళ్లు మామూలుగా తాగొచ్చు, బిందెలు తాగక్కర్లేదు. ఉప్పు చూసుకోవాలి. ఊరగాయ, ఉప్పుచేప, అప్పడం మూడూ ఒకే విస్తట్లో పడితే ఏ మర్దనా నిలవదు. ఎండలకని ఉప్పు దండిగా వేసిన మజ్జిగ రోజుకి నాలుగు గ్లాసులు తాగేవాళ్లు కూడా ఆ లెక్క చూసుకోవాలి.

మొహం ఉబ్బుకి, పన్ను పీకించాక దవడ వాపుకి ఇదే చెయ్యి: కాలర్ గుంటలు, మెడ పక్కలు, తర్వాత దవడ, బుగ్గ, కళ్లకింద ఉంగరపు వేలితో. ఐదు నిమిషాలు చాలు. ఒళ్లు తగ్గుతుంది, కొవ్వు కరుగుతుంది, విషాలు పోతాయి అని పార్లర్లలో చెప్పేదాన్ని నమ్మి డబ్బు పెట్టకండి. దిగేది నీరే. మర్దన తర్వాత తూకంలో అరకిలో తేడా కనబడినా అది మూత్రంలో పోయిన నీరు, సాయంత్రానికి మళ్లీ తూకంలోకి వస్తుంది.

ఫలితం కంటితో కొలవొద్దు. దర్జీ టేపు తీసుకుని, చీలమండ బుడిపె పైన నాలుగు, పది, ఇరవై సెంటీమీటర్ల దగ్గర బాల్‌పెన్‌తో గీతలు పెట్టి, రోజూ ఒకే వేళకి రెండు కాళ్లూ చుట్టుకొలత రాసిపెట్టండి. టేపు చర్మానికి ఆనాలి, బిగుసుకోకూడదు. రెండు కాళ్లకీ మధ్య రెండు సెంటీమీటర్లు, ఆపైన తేడా ఉంటే దాన్ని వాపుగానే లెక్కవేస్తారు. రోజూ ఒకసారి, కట్టు తప్పకుండా, రెండు వారాలు చేసినా అంకె కదలకపోతే ఆ కాగితం తీసుకుని పెద్దాసుపత్రిలో సర్జరీ ఓపీకి వెళ్లండి.